వరి ఎండాకు తెగులు: బాక్టీరియా ఎలా దూరుతుంది, మొక్క ఎలా ఎదిరిస్తుంది – తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా సెప్టెంబరు వచ్చి రెండు ముసుర్లు పట్టాయంటే చాలు, నా ఫోన్ నిండా వరి ఆకుల ఫోటోలే. సగం ఫోటోల కింద ఒకటే ప్రశ్న: "ఏ మందు కొట్టమంటారు?" మిగతావి వ్యవసాయ కాలేజీ పిల్లల నుంచి: "మొక్కకు నిజంగా ఇమ్యూనిటీ ఉంటుందా?" విడివిడిగా జవాబులు రాసి విసుగొచ్చి, అన్నీ ఒకచోట పెట్టాను. పొలంలో జరిగే వరుసలోనే ప్రశ్నల్ని పేర్చాను. మీకు కావలసిన దగ్గర మొదలుపెట్టండి, పైనుంచి చదవక్కర్లేదు.

ఉదాహరణకు బాక్టీరియా ఎండాకు తెగులునే ఎందుకు తీసుకున్నానంటే, రోగకారక బాక్టీరియాకూ మొక్కకూ మధ్య పోరు ఎలా సాగుతుందో ప్రపంచానికి తెలిసినదాంట్లో పెద్ద వాటా ఈ తెగులు మీద పనిచేసినవాళ్లదే. అందులో కొంత పని హైదరాబాద్‌లోనే జరిగింది.

## పొలంలో మొదటి అనుమానం

ఆకు కొనలు ఎండిపోతున్నాయి. ఇది తెగులేనా, నీళ్లు చాలకనా?

నీటి ఎద్దడి అయితే ఆకు చుట్టుకుంటుంది, మడి అంతా ఒకేలా కనిపిస్తుంది. ఎండాకు తెగులు అలా రాదు. ఆకు కొన దగ్గర మొదలై, ఒక అంచు వెంబడో రెండు అంచుల వెంబడో కిందికి దిగుతుంది. ఎండిన భాగానికీ పచ్చటి భాగానికీ మధ్య గీత తిన్నగా ఉండదు, అలలు అలలుగా వంకర్లు పోతుంది. మొదట పసుపు, తర్వాత ఎండుగడ్డి రంగు. పొద్దున్నే వెళ్లి చూస్తే మచ్చల మీద చిన్న చిన్న పసుపు జిగురు బొట్లు కనిపిస్తాయి. ఎండెక్కాక అవే గట్టిపడి పూసల్లా రాలిపోతాయి. అందుకే మధ్యాహ్నం తీసిన ఫోటో చూసి ఏమీ తేల్చలేను.

గ్లాసు నీళ్ల పరీక్ష అంటున్నారు, ఎలా చేయాలి?

ఎండిన భాగమూ పచ్చి భాగమూ రెండూ ఉండేలా ఆకు ముక్క కత్తిరించండి. గాజు గ్లాసులో తేటనీళ్లు పోసి, కోసిన చివర నీళ్లలో మునిగేలా కదలకుండా పెట్టండి. కొద్ది నిమిషాల్లో ఆ చివర నుంచి పాలలాంటి మసక ధార కిందికి జారితే అవి బాక్టీరియాలే, లక్షల్లో. శిలీంధ్రం వల్ల వచ్చిన తెగులైతే ధార రాదు. పైసా ఖర్చు లేని పరీక్ష. మందుల దుకాణానికి వెళ్లేముందు ఈ ఒక్క పని చేస్తే సగం డబ్బు మిగులుతుంది.

నాటిన మూడు వారాలకే మొక్కలు చచ్చిపోతున్నాయి. కాండం తొలిచే పురుగని గుళికలు చల్లాం, తగ్గలేదు. ఎందుకు?

పురుగు కాకపోవచ్చు. ఇదే బాక్టీరియా లేత దశలో పట్టుకుంటే ఆకు అంచుల దాకా ఆగదు, మొక్క మొత్తం వడలిపోతుంది. జావా వాళ్ల మాటలో దీన్ని క్రెసెక్ అంటారు. తేడా తెలుసుకోవడం తేలికే. పురుగు తొలిచిన మొవ్వును పట్టి లాగితే సులువుగా ఊడి చేతికొస్తుంది, కింద కొరికిన గుర్తు ఉంటుంది. క్రెసెక్ అయితే మొవ్వు అలా ఊడిరాదు. మొదలు దగ్గర కోసి వేళ్లతో నొక్కితే పసుపు జిగురు ఊరుతుంది. పురుగుల గుళికలు బాక్టీరియాను ఏమీ చేయవు.

అగ్గితెగులు, పాముపొడ, ఇది... అన్నీ ఒకటే కదా?

కాదు. అగ్గితెగులు, పాముపొడ శిలీంధ్రాల వల్ల వస్తాయి, వాటి మందులు వేరు. ఆ మందులు ఎండాకు తెగులు మీద పనిచేయవు.

## బాక్టీరియా లోపలికి వచ్చే దారి

అసలు ఇది మా పొలంలోకి ఎక్కడి నుంచి వచ్చింది?

ఎక్కువగా మీ పొలంలోనే ఉండి ఉంటుంది. కిందటి పంట దుబ్బుల్లో, కొయ్యకాళ్లకు మళ్లీ వచ్చిన పిలకల్లో, గట్ల మీది కొన్ని గడ్డి జాతుల్లో ఇది కాలం గడుపుతుంది. అక్కడి నుంచి కాలవ నీటిలో కలుస్తుంది. పై మడి నీళ్లు కింది మడిలోకి పారే పద్ధతి ఉన్నచోట ఒక్క మడికి వస్తే వరసంతా వస్తుంది. ఈ తెగుల్ని మొదట గమనించి చెప్పింది జపాన్‌లో ఫుకుఓకా ప్రాంతపు రైతులు, 1884లో. మనదేశంలో 1963లో బీహార్‌లో పెద్ద ఎత్తున విరుచుకుపడ్డాకే అందరి దృష్టీ దీని మీద పడింది.

ఆకుకు నోరు లేదు కదా, ఎలా దూరుతుంది?

తెల్లవారుజామున వరి ఆకు కొనల మీద మెరిసే నీటి బొట్లు చూసే ఉంటారు. అందరూ మంచు అనుకుంటారు. అందులో చాలావరకు మంచు కాదు, మొక్కే లోపలి నుంచి బయటకు వదిలిన నీరు. రాత్రి వేర్లు నీటిని పైకి నెడుతుంటే, ఆకు కొనలోనూ అంచుల్లోనూ ఉండే నీటి రంధ్రాల గుండా అది బయటికొస్తుంది. ఈ రంధ్రాలు లోపల నీటిని మోసే గొట్టాలకు, అంటే దారు నాళాలకు, నేరుగా కలిసి ఉంటాయి.

బాక్టీరియా పేరు జాంథోమొనాస్ ఒరైజే. పొడవు ఒకటి రెండు మైక్రాన్లు, ఒక చివర ఒకే ఒక్క తోక. ఆ బొట్టులోకి ఈది చేరుతుంది. ఎండెక్కాక ఆకు ఆ బొట్టును వెనక్కి పీల్చుకున్నప్పుడు దాంతోపాటు అదీ లోపలికి వెళ్తుంది. తలుపు మొక్కదే, తీసింది కూడా మొక్కే. తెగులు ఎప్పుడూ కొన నుంచే ఎందుకు మొదలవుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

రెండో దారి గాయాలు. నాటేముందు నారు కొనలు తుంచే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. ప్రతి మొక్కకూ మన చేత్తోనే గాయం చేసి బురదనీళ్లలో పెట్టడమే అది. దయచేసి మానండి.

గాలివాన తర్వాతే ఎందుకు ఎక్కువ కనిపిస్తుంది?

గాలికి ఆకులు ఒకదానికొకటి రాసుకుని సన్నటి చీలికలు పడతాయి. చినుకులు జిగురును చిందించి పక్క మొక్కల మీద వేస్తాయి. గాలిలో తేమ, 25 నుంచి 34 డిగ్రీల వెచ్చదనం తోడైతే బాక్టీరియాకు అంతకన్నా కావలసింది లేదు. తుపాను వెలిసిన వారం పది రోజులకు కోస్తాలో ఫోటోలు వెల్లువెత్తడం వెనక కారణం ఇదే.

యూరియా ఎక్కువైతే తెగులొస్తుందంటారు. యూరియాలో బాక్టీరియా ఉంటుందా?

ఉండదు. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తగా, రసంతో పెరుగుతుంది, పంట గుబురుగా కమ్ముకుని లోపల తేమ ఆరదు. బాక్టీరియా తామరతంపరగా పెరగడానికి ఆ వాతావరణమే చాలు. ఆకులు పసుపుబారుతున్నాయని ఇంకో అరబస్తా యూరియా వేయడం మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు. తెగులు కనిపించిన రోజే యూరియా ఆపాలి. మోతాదు ప్రకారం పొటాష్ పడిన పంట కాస్త మెరుగ్గా తట్టుకుంటుంది.

## మొక్క పసిగట్టే దశ

మొక్కకు రక్తమే లేదు. ఇమ్యూనిటీ ఎక్కడి నుంచి వస్తుంది?

మన ఒంట్లో తెల్లరక్తకణాలు తిరుగుతూ శత్రువును వెతుకుతాయి. మొక్కలో తిరిగే కణాలు లేవు, యాంటీబాడీలు లేవు. అందుకని మొక్క ఇంకో ఏర్పాటు చేసుకుంది: ప్రతి కణమూ తన కాపలా తానే కాసుకుంటుంది. ఊరికి పోలీస్ స్టేషన్ లేకపోతే ఇంటింటికీ ఒక కుక్కను పెంచుకున్నట్టు. ఈ కాపలా నేర్చుకుంటే వచ్చేది కాదు, పుట్టుకతో జన్యువుల్లో వచ్చేది. అందుకే ఈ విషయంలో విత్తనం ఎంపికకు అంత విలువ.

లోపలికి వచ్చింది బాక్టీరియా అని మొక్క ఎలా గుర్తుపడుతుంది?

బాక్టీరియా దాచలేని వస్తువులు కొన్ని ఉన్నాయి. తోక లేకపోతే ఈదలేదు, గోడ లేకపోతే బతకలేదు. మొక్క వాటినే ఆనవాలుగా పట్టుకుంటుంది. కణం పైపొర మీద కాపలా ప్రోటీన్లు బయటికి చేయి చాపినట్టు ఉంటాయి. వాటిలో ఒకటి బాక్టీరియా తోక ప్రోటీన్‌లోని 22 అమైనో ఆమ్లాల (ప్రోటీన్‌ను కట్టే ఇటుకల) చిన్న ముక్కను గుర్తుపడుతుంది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఆ కాపలాదారును 2000లో కనిపెట్టారు. వరిలో కూడా అలాంటిదే ఉంది.

గమనించాల్సింది ఏమిటంటే, ఈ పద్ధతిలో మొక్క ఫలానా రోగాన్ని గుర్తుపట్టదు. "ఇది నా ఒంటిది కాదు" అని మాత్రమే గుర్తుపడుతుంది. అందుకే మన చుట్టూ కోట్ల బాక్టీరియాలున్నా ఒక్కో మొక్కకు తెగులు తెచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

బాక్టీరియా కనపడకుండా తప్పించుకుంటే?

అప్పటికీ ఇల్లు విరగ్గొట్టిన చప్పుడు వినిపిస్తుంది. లోపల దారి చేసుకోవడానికి ఈ బాక్టీరియా ఎంజైములు వదిలి మొక్క కణాల గోడల్ని కరిగిస్తుంది. అలా ఊడిన గోడ ముక్కలే మొక్కకు ప్రమాద సంకేతం. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో రమేష్ సొంటి బృందం ఏళ్ల తరబడి చేసిన పని దీని మీదే. బాక్టీరియా అసలు లేకుండా, దాని ఎంజైమును మాత్రమే శుద్ధి చేసి వరికి ఇచ్చినా మొక్క రక్షణలన్నీ మేల్కొన్నాయి. అంటే దొంగకు గోడకు కన్నం వేయక తప్పదు, వేస్తే ఇల్లు లేస్తుంది. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే.

పసిగట్టాక మొక్క ఏం చేస్తుంది? పారిపోలేదు కదా.

పారిపోలేదు గాని చేతులు ముడుచుకుని కూర్చోదు. నిమిషాల్లో కణాల్లోకి కాల్షియం దూసుకొస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఘాటైన ఆక్సిజన్ రూపాలు వెలువడతాయి. అవి బాక్టీరియాను దెబ్బతీస్తాయి, గోడల్ని గట్టిపరుస్తాయి. గంటల్లో గోడ లోపలి వైపు కాలోజ్ అనే పదార్థంతో అతుకులు పడతాయి. పత్రరంధ్రాలు మూసుకుంటాయి. సాలిసిలిక్ ఆమ్లం, అంటే ఆస్పిరిన్‌కు దగ్గరి బంధువు, పెరిగి దూరపు ఆకులకు కూడా కబురు వెళ్తుంది.

ఇంకా తీవ్రమైతే, దాడి జరిగిన చోటి కణాలు తమంతట తామే చచ్చిపోయి చుట్టూ ఎండిన వలయం మిగులుస్తాయి. అక్కడితో రోగం ఆగిపోతుంది. కాబట్టి ఆకు మీద చిన్న గోధుమరంగు చుక్క కనిపించి అంతకుమించి పెరగకపోతే, అది మొక్క గెలిచిన గుర్తు కూడా కావచ్చు.

## బాక్టీరియా ఎదురెత్తు

ఇన్ని రక్షణలుంటే మరి తెగులు ఎందుకొస్తోంది?

బాక్టీరియా దగ్గర సూది ఉంది గనక. దాని ఒంటి నుంచి మొక్క కణంలోకి గుచ్చుకునే సన్నటి గొట్టం లాంటి నిర్మాణం అది. దాని గుండా పదుల రకాల ప్రోటీన్లను నేరుగా కణంలోకి ఎక్కిస్తుంది. వాటిలో కొన్నిటి పని ఒక్కటే: అలారం తీగ కోయడం. సీసీఎంబీ బృందం 2013లో అలాంటి నాలుగింటిని గుర్తించింది. గోడ విరిగిన చప్పుడుకు మొక్క లేవకుండా చేసేవి అవే. ఆ నాలుగూ తీసేసిన బాక్టీరియాను వరిలోకి పంపితే మొక్క వెంటనే రక్షణకు దిగింది. సూదే లేకుండా చేసిన బాక్టీరియా అయితే తెగులు తేలేక చేతులెత్తేస్తుంది.

బాక్టీరియా మొక్క జన్యువుల్ని ఆన్ చేస్తుందని చదివాను. నిజమేనా?

నిజమే. నమ్మడానికి నాకూ కొంత టైమ్ పట్టింది.

దారు నాళాల్లో పారేది దాదాపు వట్టి నీరు, తిండి తక్కువ. బాక్టీరియాకు కావలసింది చక్కెర, అది పక్క కణాల్లో ఉంది. వరిలో కణం లోపలి చక్కెరను బయటికి పంపే గేట్ల లాంటి ప్రోటీన్లున్నాయి, వాటి జన్యువుల పేరే స్వీట్. మామూలుగా ఆకు నాళాల దగ్గర ఈ గేట్లు అంతగా తెరుచుకోవు. బాక్టీరియా సూది ద్వారా ఒక ప్రత్యేక ప్రోటీన్‌ను పంపుతుంది. అది మొక్క కణకేంద్రకంలోకి వెళ్లి, స్వీట్ జన్యువు ముందుండే డీఎన్ఏ స్విచ్ మీద కూర్చుని దాన్ని నొక్కుతుంది. గేట్లు తెరుచుకుంటాయి, చక్కెర కారుతుంది, బాక్టీరియా విందు చేసుకుంటుంది.

ఈ ప్రోటీన్ల కుటుంబాన్ని టాల్ అంటారు. వీటిలో 34 అమైనో ఆమ్లాల ముక్కలు వరసగా పునరావృతమవుతాయి. ఒక్కో ముక్కలో మధ్యనుండే రెండు అమైనో ఆమ్లాలు డీఎన్ఏలోని ఒక్కో అక్షరాన్ని చదువుతాయి. ఈ గుట్టును 2009లో రెండు బృందాలు విడివిడిగా విప్పాయి. ఆ తర్వాత శాస్త్రవేత్తలు అదే పద్ధతిని అరువు తెచ్చుకుని కోరిన చోట డీఎన్ఏ కత్తిరించే పనిముట్లు చేసుకున్నారు. వరి రైతును ఏడిపించిన తెలివే చివరికి ప్రయోగశాలలో కత్తెర అయింది.

ఆ స్వీట్ జన్యువును తీసేస్తే పీడా పోతుంది కదా?

పోదు. బాక్టీరియా ఎక్కువగా వాడుకునే గేట్లలో ఒకటి స్వీట్11. వరి పుప్పొడి సరిగా తయారవడానికి ఆ జన్యువు కావాలి. దాన్ని అణిచేసిన మొక్కల్లో తాలు పెరిగింది. మొక్క వదులుకోలేని వస్తువు మీదే దొంగ కన్నేశాడన్నమాట.

దారి మాత్రం ఉంది. జన్యువును ముట్టుకోకుండా స్విచ్ ఆకారం కొద్దిగా మారిస్తే మొక్క తన పని తాను చేసుకుంటుంది, బాక్టీరియా వేలు మాత్రం స్విచ్ మీద ఆనదు. ప్రకృతిలో ఇది ఎప్పుడో జరిగింది. అలా స్విచ్ మారిన రూపాన్నే ఎక్స్‌ఏ13 అంటారు. 2019లో ఒక అంతర్జాతీయ బృందం జన్యు సవరణతో మూడు స్వీట్ జన్యువుల స్విచ్‌లను ఒకేసారి మార్చి, పలు దేశాల బాక్టీరియా రకాలను తట్టుకునే వరి మొక్కలు తయారుచేసింది.

ఆ పసుపు జిగురు ఏమిటి?

బాక్టీరియా తన చుట్టూ అల్లుకునే చక్కెర గొలుసుల ముద్ద. ఎండకు ఆరిపోకుండా, మొక్క విషాలు తగలకుండా కాపాడుతుంది. నాళాల్లో పేరుకుపోయి నీటి దారిని అడ్డుకునేదీ అదే, అందుకే కాళ్ల కింద నీళ్లున్నా ఆకు ఎండుతుంది. ఒక విడ్డూరం చెప్పాలి: దీని దాయాది బాక్టీరియా నుంచి తీసే ఇదే జిగురును జాంథన్ గమ్ పేరుతో ఐస్‌క్రీముల్లో, సాస్‌ల్లో చిక్కదనం కోసం వాడతారు. మీ ఇంటి సాస్ సీసా మీద ఈ415 అని ఉంటే అదే.

## విత్తనం ఎంచుకునేటప్పుడు

సాంబ మసూరికే ఈ తెగులు ఎందుకు ఎక్కువ?

బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, తినడానికి అమృతం. సన్నగింజ, మంచి ధర, అందుకే రాష్ట్రాలు దాటి పాకింది. కానీ ఎండాకు తెగులును గుర్తుపట్టే గట్టి జన్యువు దానిలో లేదు. పైగా ఒకే రకం వేల ఎకరాల్లో ఉంటే ఒక మడిలో పనికొచ్చిన ఎత్తు బాక్టీరియాకు అన్ని మడుల్లోనూ పనికొస్తుంది. సాధారణంగా 20–30 శాతం, తీవ్రమైతే 50 శాతం వరకు దిగుబడి పోతుంది.

ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలో ఏం మార్చారు?

అది సాంబ మసూరే, కాకపోతే మూడు జన్యువులు అదనం. హైదరాబాద్‌లోని వరి పరిశోధనా సంస్థ, సీసీఎంబీ కలిసి తయారుచేసి 2008లో విడుదల చేశాయి. ఆర్పీ బయో 226 అన్నా అదే.

ఎక్స్‌ఏ21 అనేది కాపలాదారు, బాక్టీరియాను గుర్తుపట్టి అలారం మోగిస్తుంది. ఎక్స్‌ఏ13 అంటే చక్కెర గేటు స్విచ్ మారిన రూపం. ఎక్స్‌ఏ5 సంగతి ఇంకా సూక్ష్మం. టాల్ ప్రోటీన్ స్విచ్ నొక్కాలంటే మొక్క కణంలో ఉండే ఒక సహాయక ప్రోటీన్‌ను పట్టుకోవాలి. ఆ ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడంతో పట్టు జారుతుంది. ఒకటి కాపలా, రెండోది మారిన తాళం, మూడోది జారుడు పిడి. మూడూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి కాబట్టి బాక్టీరియా మూడింటినీ ఒకేసారి దాటడం చాలా కష్టం.

గింజ నాణ్యత సాంబ మసూరిదే. కోతకు వారం పది రోజులు ముందే వస్తుంది. గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే కొలత) కూడా తక్కువని తర్వాత తేలడంతో షుగర్ ఉన్నవాళ్లు దీన్ని వెతుక్కుంటున్నారు. అది తెగులుతో సంబంధం లేని బోనస్.

ఎక్స్‌ఏ21 ఎక్కడి నుంచి వచ్చింది?

ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో సంకరాల ద్వారా సాగు వరిలోకి తెచ్చారు. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పమేలా రొనాల్డ్ బృందం ఆ జన్యువును విడదీసి చూపింది.

మరి అది బాక్టీరియాలో దేన్ని గుర్తుపడుతుంది? దీనికి జవాబు దొరకడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మధ్యలో అదే బృందం ఒక ప్రోటీన్ పేరు ప్రకటించి, తర్వాత తమ ల్యాబ్‌లోనే పొరపాటు జరిగిందని గ్రహించి, 2013లో ఆ పరిశోధనా పత్రాన్ని వెనక్కి తీసుకుంది. 2015లో అసలుదాన్ని పట్టుకుంది: రాక్స్ఎక్స్ అనే చిన్న పెప్టైడ్, అంటే బుల్లి ప్రోటీన్ ముక్క. మొక్క ఎదుగుదలకు వాడుకునే ఒక పెప్టైడ్‌ను పోలి ఉంటుందది. బాక్టీరియా మొక్క భాషను అనుకరిస్తుంటే, ఎక్స్‌ఏ21 ఆ యాసలో తేడా పట్టేస్తుంది. తప్పును బయటికి చెప్పుకుని మళ్లీ మొదలుపెట్టిన ఆ ల్యాబ్ అంటే నాకు గౌరవం.

ఒక జాగ్రత్త: ఎక్స్‌ఏ21 బలం మొక్క వయసుతో పెరుగుతుంది. లేత నారులో అంతగా కనిపించదు.

ఇంప్రూవ్డ్ సాంబ మసూరి జీఎం (జన్యుమార్పిడి) పంటా?

కాదు. మామూలు సంకరమే. తెగులు తట్టుకునే వరితో కలిపి, వచ్చిన సంతానాన్ని మళ్లీ మళ్లీ సాంబ మసూరితో నాలుగుసార్లు కలిపారు. ప్రతిసారీ పొలంలో తెగులు వచ్చేదాకా ఆగకుండా, చిన్న ఆకు ముక్కలోని డీఎన్ఏ గుర్తులు చూసి మూడు జన్యువులూ ఉన్న మొక్కల్నే ఏరుకున్నారు.

జన్యు సవరణతో వచ్చిన కమల రకం ఈ తెగుల్ని తట్టుకుంటుందా?

ఆ సవరణ దానికోసం చేసింది కాదు. 2025 మేలో ప్రకటించిన కమల, అంటే డీఆర్ఆర్ ధాన్ 100, సాంబ మసూరిలో కంకికి గింజలు పెరిగేలా మార్చిన రకం. ఇదీ ఇంప్రూవ్డ్ సాంబ మసూరీ రెండూ సాంబ మసూరి నుంచే వచ్చేసరికి చాలామంది రెండూ కలిపేస్తున్నారు.

ఈ నిరోధకత ఎన్నేళ్లు నిలుస్తుంది?

ఒకే జన్యువు మీద ఆధారపడితే ఎక్కువ కాలం నిలవదు. ఫిలిప్పీన్స్‌లో ఎక్స్‌ఏ4 ఉన్న రకాలు విస్తారంగా వేశాక, దాన్ని దాటే బాక్టీరియా రకాలు పైకొచ్చాయి. ఎక్స్‌ఏ21 ఒక్కటే ఉన్న మొక్కను దాటేవి కూడా ఆసియాలో కొన్నిచోట్ల కనిపించాయి. ఎక్స్‌ఏ13 ఒక్కటే ఉంటే, వేరే స్వీట్ గేటు తెరిచే బాక్టీరియాకు అది అడ్డే కాదు. జన్యువుల్ని పేర్చి వేసేది ఇందుకే. మీ పొలంలో నిరోధక రకానికే తెగులు వస్తే "విత్తనం నకిలీ" అని తేల్చేముందు గ్లాసు నీళ్ల పరీక్ష చేసి, నమూనా తీసుకుని దగ్గరి పరిశోధనా కేంద్రానికి వెళ్లండి. కొత్త రకం బాక్టీరియా అయితే మొదట తెలియాల్సింది వాళ్లకే.

## తెగులు వచ్చేశాక

సూటిగా చెప్పండి, ఏ మందు కొట్టాలి?

సూటిగానే చెబుతున్నా: దీన్ని నయం చేసే మందు లేదు. బాక్టీరియా ఉన్నది నీటి నాళాల్లో, మీరు కొట్టేది ఆకు పైన. కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటివి పైన ఉన్న బాక్టీరియాను తగ్గించి కొత్త ఆకులకు పాకడాన్ని కొంత ఆపుతాయి, అంతే. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన పొడిని ఏళ్లుగా వాడుతున్నారు. ఇవి మనుషుల జబ్బులకు వాడే యాంటీబయాటిక్స్. వీటిని సాగులో నిషేధించేందుకు కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. దుకాణంలో ఇచ్చారని తెచ్చి కొట్టకుండా, ఇప్పుడు అనుమతి ఉన్నదేదో మండల వ్యవసాయాధికారిని అడగండి.

మందుకన్నా ముందు చేయాల్సిన పనులు: యూరియా ఆపండి, మడిలో నీళ్లు తీసి ఆరగట్టండి, మీ నీళ్లు పక్కవాళ్ల మడిలోకి వదలకండి. ఆకులు తడిగా ఉన్నప్పుడు పొలంలో తిరగొద్దు, మీ కాళ్లూ బట్టలే దాన్ని మోసుకెళ్తాయి.

ఆవు పేడ నీళ్లు పనిచేస్తాయా? మా పెద్దవాళ్లు చల్లేవారు.

నవ్వి తీసేయాల్సింది కాదు. తాజా పేడతో 20 శాతం ద్రావణం చేసి, తెగులు కనిపించగానే ఒకసారి, రెండు వారాలకు ఇంకోసారి చల్లమని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం తన సిఫార్సుల్లోనే పెట్టింది. తీవ్రమయ్యాక మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి.

మొక్కలకు టీకా లాంటిది ఏమైనా ఉందా?

ఒక రకంగా ఉంది. జపాన్‌లో 1970ల నుంచి ప్రొబెనజోల్ అనే రసాయనాన్ని వరికి వాడుతున్నారు. అది బాక్టీరియాను చంపదు, సాలిసిలిక్ ఆమ్లం దారిని కదిలించి మొక్కను ముందే సిద్ధంగా ఉంచుతుంది. రోగం రాకముందు ఇస్తేనే ఉపయోగం. అలాగని ఆస్పిరిన్ మాత్రలు నూరి చల్లకండి. మోతాదు తప్పితే ఆకులు మాడతాయి.

మా నిమ్మతోటలో గజ్జి కూడా ఇలాంటిదేనా?

దాయాదే. నిమ్మ గజ్జి తెగులు బాక్టీరియా కూడా జాంథోమొనాస్ జాతిదే, టాల్ ప్రోటీనే వాడుతుంది. కాకపోతే చక్కెర గేటుకు బదులు కణాలను ఉబ్బించే జన్యువును నొక్కుతుంది. ఉబ్బిన కణాలు పగిలి గరుకు మచ్చ అవుతుంది, అందులోంచి బాక్టీరియా వానకు బయటపడుతుంది. ఇది పత్రరంధ్రాల గుండా, ఆకుముడత పురుగు చేసిన గాయాల గుండా దూరుతుంది. తిరుపతి నుంచి వచ్చిన బాలాజీ రకం గజ్జిని కొంత తట్టుకుంటుంది.

తెగులొచ్చిన పొలం బియ్యం తినొచ్చా?

నిశ్చింతగా తినొచ్చు. ఈ బాక్టీరియా మనుషులకు జబ్బు చేయదు. గింజ తాలుపోవడం, నూకలు ఎక్కువ రావడం మీ నష్టమే గాని ఆరోగ్య సమస్య కాదు. టెన్షన్ పడాల్సింది కోతకు దగ్గరలో కొట్టిన మందుల గురించి.

ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విత్తనం ఇంట్లోనే దాచుకోవచ్చా?

దాచుకోవచ్చు. ఇది హైబ్రిడ్ కాదు. వరి తనలో తానే పరాగసంపర్కం చేసుకుంటుంది గనక మూడు జన్యువులూ విత్తనంలో నిలుస్తాయి. చెడేది కల్తీ వల్ల: కోత మిషన్‌లో ముందు పొలం గింజలు మిగలడం, కళ్లంలో పక్క రకం కలవడం. మామూలు సాంబ మసూరి, ఇది పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కాబట్టి మడి మధ్యలో కొంత భాగాన్ని విత్తనానికని ముందే గుర్తుపెట్టుకుని, బెరుకులు (కలిసిన వేరే రకం మొక్కలు) ఏరేసి, మిషన్ రాకముందే కొడవలితో కోసి విడిగా నూర్చుకోండి. సంచి మీద రకం పేరూ సంవత్సరమూ రాయండి. మూడేళ్లకోసారి కొత్త విత్తనం తెచ్చుకుంటే చాలు.